మంచం కోళ్ళ గుర్రం

సెప్టెంబర్ 8, సోమవారం

మంచం కోసేయాలి. నవంబరు లోపల.

ఈ డైరీ ప్లైవుడ్ షాపువాళ్ళు జనవరిలో మా ఆయనకు ఇచ్చింది. మధు కొలతలన్నీ ఫోన్లోనే రాసుకుంటాడు కాబట్టి ఎనిమిది నెలల పేజీలు ఖాళీగా గడిచిపోయాయి. ఇక ఇది నాది. ఈ ఇంట్లో చదివేవాళ్ళు ఎవరూ లేరు. కావ్యకు రెండున్నరేళ్ళు, దొరికితే చింపుతుంది తప్ప చదవదు.

పొద్దున పరకాల నుంచి మా ఆయన అక్క, శారద వదిన ఫోన్ చేసింది. ఆమె బిడ్డ శ్రావణికి ఏడో నెల వచ్చింది, కాన్పుకు తల్లిగారింటికి తీసుకొస్తున్నారు. బాలింతకు మంచం కావాలట. అత్తమ్మ మంచం తీసుకుపోతానంది.

"మా నాయిన చేసిన మంచం. నన్ను, తమ్ముణ్ణి అమ్మ దాని మీదనే కన్నది. నా బిడ్డ గుడ దాని మీదనే పండాలె. సంవత్సరీకానికి వస్తం గద, ట్రాలీ ఆటో మాట్లాడుకొని వస్త."

తర్వాత గొంతు తగ్గించి అంది, "నీ పుణ్యాన అమ్మ కిందనే పోయింది కాబట్టి మంచానికి ఏ దోషం లేదు. లేకుంటె ఆనాడే బయట పడేస్తుంటిమి."

సరే అన్నాను. సరే అనడం నాకు బాగా వచ్చు.

అత్తమ్మను కిందికి దించాను. చాప మీద పడుకోబెట్టాను. తులసి నీళ్ళు పోశాను. నా చేతుల్లో పోయింది. అందరికీ తెలిసిందే, మళ్ళీ ఎందుకు రాస్తున్నానో.

సెప్టెంబర్ 9

నవారు విప్పి చుట్టాను. రెండు పెద్ద ఉండలయ్యాయి. ఉతకాలి.

సెప్టెంబర్ 12, శుక్రవారం

మా ఆయన మడికొండలో కొత్త ఫ్లాట్లకు వంటింటి అల్మారాలు బిగిస్తాడు. పోయిన నెల ఒక ఫ్లాటులో పిల్లల గది ఫోటో తీసుకొచ్చాడు, అల్మారా చూపించడానికి. ఆ ఫోటోలో మూలకు ఒక ఊగే చెక్క గుర్రం ఉంది. కావ్య అల్మారాను చూడలేదు, గుర్రాన్ని చూసింది. అప్పటి నుంచి ఫోన్ దొరికితే చాలు, వేలితో గుర్రాన్ని పొడుస్తుంది, అది ఊగుతుందని.

ఇవాళ అన్నం పెడుతూ చెప్పాను, మంచం విప్పి కావ్యకు గుర్రం చేస్తానని.

"అక్క అడిగింది గద మంచం" అన్నాడు.

కోళ్ళకు చెద పట్టిందన్నాను. మూడు తరాలుగా వడ్రంగి పని చేసిన ఇంట్లో పుట్టిన మనిషి, నలభై ఏళ్ళ పాత టేకుకు చెద పట్టిందంటే నమ్మాడు. లేదా నమ్మినట్టు తలూపాడు. లేచి వెళ్ళి చూడలేదు. అత్తమ్మ పోయినప్పటి నుంచి ఆ గదిలో అడుగు పెట్టలేదు. తల్లి గది కదా, కష్టంగా ఉంటుంది. నాకు ఏ కష్టమూ లేదు. రోజూ ఊడుస్తాను, తుడుస్తాను.

అక్కకు నువ్వే చెప్పుకో అన్నాడు. సరే అన్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

నాయినకు ఫోన్ చేశాను. మా నాయిన యాదగిరి అంటే వర్ధన్నపేట చుట్టుపక్కల పది ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. బండ్లు, నాగళ్ళు చేశాడు. అవి పోయాక దర్వాజలు చేశాడు. చిన్నప్పుడు పెద్ద రంపానికి అటుకొసన నేనే ఉండేదాన్ని. మగపిల్లవాడు లేడు మరి. బళ్ళో చేరే ముందే నాకు రందా పట్టి చెక్క నునుపు చేయడం వచ్చింది. పెళ్ళయ్యాక ఎప్పుడూ పట్టలేదు. ఇక్కడ అంతా ప్లైవుడ్, మేకుల తుపాకీ.

గుర్రం అనగానే నాయిన సంబరపడ్డాడు. పిల్ల మోకాలు ఎంత ఎత్తుందో కొలిచి, కూర్చునే పలక దానికంటే రెండు వేళ్ళు పైకి ఉండేలా చూడమన్నాడు. కింద ఊగడానికి పెట్టే వంపు చెక్కలు రెండూ ఒకే పలకలోంచి తీయమన్నాడు. ఒక మేకుకు తాడు కట్టి, తాడు కొసకు పెన్సిల్ కట్టి, గజం పొడుగున గీత తిప్పితే వంపు వస్తుందట. గజానికి తగ్గితే పిల్ల బోర్లా పడుతుంది, ఎక్కువైతే ఊగదు.

కట్టె ఎక్కడిది అని అడిగాడు. అత్తమ్మ మంచం అన్నాను.

వెంటనే అడిగాడు, "కింద ఏసిండ్రు గద బిడ్డా?"

"వేసిన నాయినా."

"అయితె ఫికర్ లేదు. మంచం మీద పోయినోళ్ళ కట్టెకు మేం ఉలి పెట్టకపోతుంటిమి. ఎంత మంచి కట్టె అయినా సరే."

ఎందుకు పెట్టరని అడిగాను. ఎందుకో తెలియదట, వాళ్ళ నాయిన పెట్టలేదట.

సెప్టెంబర్ 17

మొదటి కోడు కోశాను. పైనుంచి జానెడు ఉంచి కిందది తీసేశాను. కోడు మీద నాలుగు గీతలు తిప్పి ఉన్నాయి, మా మామగారు వెంకట్రాజం తిప్పినవి. నేను ఆయన్ని చూడలేదు. మంచి చేయి. గీతకూ గీతకూ మధ్య వెంట్రుకంత తేడా లేదు.

రంపం లోపలికి దిగగానే టేకు వాసన వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత కూడా కొత్త కట్టె వాసన. ఏదైనా అనిపిస్తుందేమోనని రంపం ఆపి కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. లేచి రెండోది కోశాను.

సెప్టెంబర్ 18

కావ్యకు జలుబు. ఏ పనీ కాలేదు.

సెప్టెంబర్ 20

మంచం పట్టెలు ముక్కలు చేసి పక్కపక్కన జిగురుతో అతికించాను. గుర్రం ఒళ్ళు. బిగించడానికి శికంజా లేదు, మధు దగ్గర ఉన్నవన్నీ సైటులో ఉన్నాయి. మా నాయిన పద్ధతిలో నవారు చుట్టి, దాంట్లో కర్ర దూర్చి మెలితిప్పాను. బాగా బిగిసింది. నవారు పడేయకపోవడం మంచిదైంది. రేపు విప్పాలి.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఈ ఏడాది మాకు పండగల్లేవు కాబట్టి బతుకమ్మ లేదు. వీధి చివర పాట వినిపిస్తోంది. పక్కింటి శోభారాణి అక్క సత్తుపిండి తెచ్చిచ్చి, గడపలో కూర్చుని, గుర్రం చూసి, ఇక అత్తమ్మ మాట ఎత్తింది.

"మీ అత్త నసీబున్నది. కోడలి చేతుల పోయింది. మా అత్త దవాఖాన మంచం మీద పోయె, నోట్ల సుక్క నీళ్ళు పోసినోళ్ళు లేరు."

ఈ తొమ్మిది నెలల్లో ఈ మాట ఎంతమంది అన్నారో. పెద్దకర్మ రోజు వదిన అందరి ముందు నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నా కంటే పదిహేనేళ్ళు పెద్దది. అప్పుడు కూడా నేను ఊరికే నిలబడ్డాను.

రాస్తాను. ఎవరూ చదవరు.

అత్తమ్మ పక్షవాతంతో ఎనిమిది నెలలు మంచంలో ఉంది. మాట పడిపోయింది. ఒకే ఒక్క మాట మిగిలింది, 'కింద'. మంచం మీద ప్రాణం పోతుందేమోనని ఆమె భయం. పోయే ముందు మనిషిని దించాలి, ఒంటికి నేల తగలాలి, నోట్లో నీళ్ళు పడాలి. లేకపోతే అవతల కూడా ఆ మంచం మోసుకుంటూ తిరగాల్సిందేనని, బాగున్నప్పుడు నాతో నవ్వుతూ చెప్పేది. నవ్వుతూనే చెప్పేది గానీ నమ్మేది.

మొదటిసారి 'కింద' అన్నప్పుడు నిజంగానే దించాం. నేను, ఆయన, ఎదురింటి కిషన్ రావు సార్. వదిన ఏడుస్తూ పరకాల నుంచి ఆటోలో వచ్చింది. సాయంత్రానికి అత్తమ్మ చాయ్ తాగింది. మళ్ళీ ఎక్కించాం. రెండోసారీ అంతే. మూడోసారి వదిన రాలేదు, తెల్లారి చూద్దాంలే అంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆమె 'కింద' అనేది. ఆయన సైటులో ఉండేవాడు. నేనే చంకల కింద చేతులు వేసి దించేదాన్ని, గంట చూసి మళ్ళీ ఎక్కించేదాన్ని. నా నడుము పోయింది.

డిసెంబర్ రెండు, సోమవారం. పన్నెండున్నరకు 'కింద' అంది. పొయ్యి మీద కుక్కర్ ఉంది, దించి వస్తా అత్తమ్మా అన్నాను. దించి వచ్చేసరికి పోయింది. మంచం మీద. కళ్ళు తలుపు వైపు ఉన్నాయి.

అప్పుడు దించాను. అప్పుడు చాప వేశాను. నీళ్ళు పోశాను. దీపం పెట్టాను. అప్పుడు ఆయనకు ఫోన్ చేశాను. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి, "కింద వేసినవా?" అన్నాడు. వేసిన అన్నాను. అది అబద్ధం కాదు. వేశాను కదా. తర్వాత ఎవరో 'నీ చేతులనే పోయిందా' అన్నారు, తలూపాను. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. వాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు.

కుక్కర్ దించడానికి అయిదు నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాలే.

రాస్తే ఏదో దిగిపోతుందనుకున్నాను. వేళ్ళు నొప్పి పుట్టాయి, అంతే.

సెప్టెంబర్ 24

శ్రావణి, పురిటి బిడ్డ. ఆ మంచం మీద. వీల్లేదు.

అందుకే కోశాను. అది మాత్రం సరిగానే చేశాను.

అక్టోబర్ 2, గురువారం

దసరా. పనిముట్లను కడిగి బొట్టు పెట్టాల్సిన రోజు, వాటితో పని చేయకూడని రోజు. మాకు పండగ లేదు కాబట్టి నియమం కూడా లేదనుకుని రోజంతా రందా పట్టాను. వీధిలో అందరూ జమ్మి ఆకు పంచుకుంటున్నారు. నా మీద పిడుగేమీ పడలేదు. కావ్య రందా పొట్టంతా నెత్తి మీద పోసుకుని ఆడింది. దువ్వి తీసేసరికి గంట పట్టింది.

అక్టోబర్ 11

తల కుదరడం లేదు. మంచం తలవైపు పలకలోంచి వంపు చెక్కలు రెండు తీయగా మిగిలిన దాంట్లో తల చెక్కాలి. చెవులు పెద్దవయ్యాయి. చెవులు తగ్గిస్తే మూతి పొడుగైంది. కావ్య వచ్చి చూసి "మే మే" అంది. మధు పడీపడీ నవ్వాడు. ఏడాది తర్వాత ఆయన అలా నవ్వడం చూశాను. మేకనే చెయ్యి, మేడారం జాతరకు తోలుకపోదాం అన్నాడు. నేనూ నవ్వాను. మూతి కదిలింది, అది నవ్వే అయి ఉంటుంది.

అక్టోబర్ 16

నాలుగు కోళ్ళూ వంపు చెక్కల మీద నిలబెట్టాను. గుర్రం నిలబడింది గానీ ఎడమకు ఒరుగుతోంది. నాయిన ఫోన్లో చెప్పాడు, నేల మీద బొగ్గుపొడి రాసి గుర్రాన్ని ఊపమని. ఎక్కడ నల్లబడితే అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ రందా పట్టాలి, మళ్ళీ ఊపాలి. ఇవాళ పదకొండుసార్లు ఊపాను. ఖాళీ గుర్రాన్ని ఊపుతూ అత్తమ్మ గదిలో కూర్చున్నాను. కావ్య కిటికీలోంచి చేతులు చాపి ఏడ్చింది. తలుపు గడియ వేసి ఉంచాను, ఉలి తగులుతుందని.

అక్టోబర్ 17

సరిగ్గా ఊగుతోంది. తోక పెట్టాలి. కొబ్బరితాడు చాలు.

అక్టోబర్ 21

తోక పెట్టాను. అయిపోయింది. ఇక చేయడానికి ఏమీ లేదు. మళ్ళీ మొదటి నుంచి ఉప్పుకాగితం పట్టడం మొదలుపెట్టాను.

అక్టోబర్ 29, బుధవారం

పొద్దుటి నుంచి ఒకటే వాన. కరెంటు లేదు. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. మధు పనికి పోలేదు. మధ్యాహ్నానికి నీళ్ళు గడప ఎక్కాయి. ఆయన బియ్యం డబ్బాలు అటక మీద పెడుతూ, గుర్రం తడుస్తుందని గబగబా ఆ గదిలోకి పోయాడు. పదకొండు నెలల తర్వాత. పోయినట్టు ఆయనకే గుర్తు లేదనుకుంటాను. రెండు చేతులతో ఎత్తుకుని బయటికి వచ్చి, బల్ల మీద పెట్టి, వీపు నిమిరాడు.

"మస్తు నున్నగ చేసినవ్. నేను గుడ గిట్ల చెయ్యలే." అని కావ్యను ఎత్తి దాని మీద కూర్చోబెట్టబోయాడు.

నేను పిల్లను లాక్కున్నాను. "వార్నిష్ ఆరలే" అన్నాను.

"వారం నుంచి ఆరుతలేదా?"

ఆయన కాసేపు నా మొహం చూశాడు. తర్వాత పోయి చీపురు తెచ్చి నీళ్ళు బయటికి తోయడం మొదలుపెట్టాడు.

వార్నిష్ వేయనే లేదు. వేలితో ముట్టుకుంటే తెలిసిపోయేది. వీపు నిమిరాడు కూడా.

నవంబర్ 3

వదినకు ఫోన్ చేసి చెప్పాను. మంచానికి చెద పట్టింది, మంచిగున్న కట్టెతో గుర్రం చేశాను అని. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. మా నాయిన చేతి మంచం, ఒక్క మాట అడగకపోతివి అంది. ఆ తర్వాత తనే సర్దుకుంది. "పోనీ తియ్యి. నువ్వు ఏం చేసినా ఆలోచించే చేస్తవ్. శ్రావణికి మంచం కొంట. కావ్య పెద్దగైనంక గుర్రం నా మనుమనికి ఇయ్యి. మా అమ్మ కట్టె మీద ఊగుతడు."

నేను మంచాన్ని ఎన్ని ముక్కలు చేసినా అది తిరిగి తిరిగి ఆ పిల్లవాడి దగ్గరికే పోతుంది. వాడు ఇంకా పుట్టలేదు కూడా.

నవంబర్ 9, ఆదివారం

స్నానాలకు నీళ్ళు కాచే పొయ్యి దగ్గరికి గుర్రాన్ని తీసుకుపోయాను. మధు కావ్యను తీసుకుని బజారుకు పోయాడు. గొడ్డలి కూడా తెచ్చుకున్నాను. తగలబడిందని చెప్పొచ్చు. పొయ్యి పక్కన పెడితే నిప్పు అంటుకుందని. ఈపాటికి నాకు అలవాటే.

కొట్టలేకపోయాను. ప్రేమ వల్ల కాదు. రెండు నెలలు చేసిన పని, అతుకులు చూస్తే వేలిగోరు దూరదు, మా నాయిన చూస్తే శభాష్ అంటాడు. దాన్ని పొయ్యిలో పెట్టడానికి చేయి రాలేదు. మనిషి పిలిస్తే పోలేదు గానీ చెక్కను కొట్టడానికి చేయి రాలేదు.

తెచ్చి మళ్ళీ గదిలో పెట్టాను. మసి అంటింది. తుడిచాను.

నవంబర్ 10

ఉప్పుకాగితం.

నవంబర్ 12

ఉప్పుకాగితం. కావ్య గది తలుపు దగ్గరే పడుకుని నిద్రపోయింది. ఎత్తుకుని లోపల పడుకోబెట్టాను.

నవంబర్ 17

వదిన గురువారం వస్తుందట. వంట మనిషికి చెప్పాను. విస్తళ్ళు, గిన్నెలు ఆయన చూసుకుంటాడు. నా దగ్గర ఉన్న మంచి చీర పోయిన ఏడాది ఆ రోజు కట్టుకున్నదే. వేరేది కొనాలి.

నవంబర్ 21, శుక్రవారం

సంవత్సరీకం అయిపోయింది. ఆయన, కావ్య వదినను బస్సు ఎక్కించడానికి హనుమకొండ పోయారు. వచ్చేసరికి గంటన్నర పడుతుంది. వచ్చాక ఆయనకు చెప్పాలి. నేను చెప్ప, నువ్వే చెప్పాలె అంది వదిన. చెప్తాను. నోరు తిరగకపోతే ఈ డైరీ ఇస్తాను. దాని కంటే ముందు ఇవాళ్టిది రాయాలి, ఎందుకంటే సెప్టెంబరులో రాసినది కూడా నిజం కాదు.

భోజనాలు అయ్యాయి. వచ్చినవాళ్ళు పోతూ పోతూ నన్ను మెచ్చుకున్నారు. మధు టెంట్ హౌసుకు గిన్నెలు తిరిగి ఇవ్వడానికి పోయాడు. వంటింట్లో నేను మిగిలిన కూరలు సర్దుతున్నాను. లోపలి నుంచి కావ్య నవ్వు వినిపించింది. కేరింతలు కొడుతోంది. నేను ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు. పోయి చూస్తే వదిన ఆమెను గుర్రం మీద కూర్చోబెట్టి ఊపుతోంది. అది ఎంత బాగా ఊగుతోందో. గజం లెక్క సరిగ్గా సరిపోయింది.

నేను పోయి పిల్లను ఎత్తి కింద పెట్టాను. కావ్య గుక్క పట్టింది. ఏడ్చి ఏడ్చి శోభారాణి అక్క ఇంటికి పరుగెత్తింది.

"ఎందుకు దించినవే? నేను పట్టుకున్న గద" అంది వదిన.

ఏదో ఒకటి చెప్పాలి కదా అని నోరు తెరిచాను. వార్నిష్ ఆరలేదు అనబోయాను. అనలేకపోయాను. అది మంచం మీదనే పోయింది వదినా, అన్నాను. అత్తమ్మను 'అది' అన్నాను. సరిచేసుకుని మళ్ళీ చెప్పాను. అత్తమ్మ మంచం మీదనే పోయింది, నేను తర్వాత దించిన.

వదినకు ముందు అర్థం కాలేదు. నవ్వుమొహంతోనే ఉంది. తర్వాత గుర్రం మీంచి చేయి తీసేసింది.

"అడిగిందా?"

"అడిగింది. కింద అన్నది."

"ఎన్నిసార్లన్నది?"

"మూడుసార్లు. నాలుగు. తర్వాత తలుపు దగ్గరికి వేసిన, వినపడలే."

"నువ్వేమన్నవ్?"

"కుక్కర్ దించి వస్త అన్న."

"దించినవా?"

"దించిన." ఇక్కడ ఆగిపోవచ్చు. డైరీలో ఇక్కడే ఆగాను. "దించి అన్నం తిన్న. పప్పు వేసుకొని తిన్న, మల్ల పెట్టుకొని తిన్న. ఫోన్ చూసుకుంట తిన్న. రోజు గిట్లనే అంటది గద అనుకున్న. రోజు దించి ఎక్కిస్తున్న గద, ఒక్కరోజు తిని పోత అనుకున్న. నలభై నిమిషాలు, వదినా."

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే కొడితే బాగుండుననిపించింది. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. పోయిన ఏడాది నా చేతులు పట్టుకుని కళ్ళకు అద్దుకున్న మనిషి. ఇప్పుడు నా చేతుల వైపే చూసింది. ఆ చూపుకు చేతులు కొంగు కింద దాచుకున్నాను. ఏడాదిలో నా ఒంటికి ఏదో తెలియడం అదే మొదలు.

"మూడోసారి నేను రాలే" అంది వదిన. నాతో కాదు. "ఎప్పటిదే గద అన్న."

బయట ఎవరో విస్తళ్ళు కుప్పలో వేస్తున్న చప్పుడు. తర్వాత ఆమె అడిగింది.

"ఏడ పండవెట్టినవ్?"

చూపించాను. కిటికీ కింద.

"తల ఎటు?"

దక్షిణం వైపు అన్నాను. ఆమె వచ్చి అక్కడ కూర్చుంది. కొత్త చీర నలుగుతుందని కూడా చూసుకోలేదు. కూర్చున్నది మెల్లగా వెనక్కి వాలి పడుకుంది. ఉత్త నేల మీద, తల దక్షిణానికి పెట్టి, చేతులు పక్కన పెట్టుకుని. మోకాళ్ళ నొప్పులు ఆమెకు, పడుకోవడానికి కష్టపడింది. నేను సాయం చేయబోతే వద్దంది.

"తర్వాత ఏం చేసినవ్?"

"చాప..."

"చాప వద్దు. తర్వాత?"

"నీళ్ళు పోసిన. పోలే లోపటికి. పక్క నుంచి కారిపోయినయ్. చీర కొంగుతోని తుడిచిన. మల్ల పోసిన. మల్ల కారినయ్. నలుగురికి తెలుస్తదని మెడ గుడ తుడిచిన."

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాయలేదు. చెప్తుంటే గొంతులో నుంచి ఏదో వచ్చింది. మాట అనుకున్నాను, ఏడుపు. ఆమె పక్కనే కూలబడ్డాను. పెద్దగా ఏడ్చాను. పక్కింటివాళ్ళు సంవత్సరీకం ఏడుపు అనుకుని ఉంటారు.

వదిన లేవలేదు. నన్ను ఊరుకోమని కూడా అనలేదు. పైకప్పు చూస్తూ పడుకుంది. నేను కాస్త తేరుకున్నాక అంది, "పొయ్యి."

అర్థం కాలేదు.

"నీళ్ళు తెచ్చి పొయ్యి."

వంటింట్లోకి పోయి గ్లాసులో నీళ్ళు, చెంచా తెచ్చాను. తులసి ఆకు వేయాలా అని అడిగాను. నోరు తెరిచింది. ఆమె తల కింద ఎడమ చేయి పెట్టి, కొంచెం ఎత్తి, చెంచాతో పోశాను. సగం గడ్డం మీద పడ్డాయి. సగం నోట్లో పడ్డాయి. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. చెంపల పక్క నుంచి కన్నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి. గొంతు కదిలింది. మింగింది.

"ఇంకొంచెం" అంది.